ఎనిమిది ఆప్టికల్, షార్ట్, 850

ఆ ఆదివారానికి అంబిక రెండే పనులు పెట్టుకుంది. పొద్దున ఎనిమిది నుంచి పది దాకా, మదనపల్లెలో తాను పనిచేసే కాంతిరేఖ కంటి ఆసుపత్రిలో ఒక పాత యంత్రాన్ని తీసేసి కొత్తదాన్ని బిగించడం. ఆ తరవాత పదిన్నర బస్సుకు తల్లితో కలిసి వెంకటగిరికోటకు పోయి, పిన్నమ్మ కొత్తింట్లో గృహప్రవేశం భోజనం చెయ్యడం. రెండో పని ఎక్కడ తప్పిపోతుందోనని తల్లి చెంగమ్మ పట్టుచీర కట్టుకుని, కానుకగా ఇవ్వబోయే ఇత్తడి బిందెను ఒళ్లో పెట్టుకుని, ఏడున్నరకే వచ్చి ఆసుపత్రి రిసెప్షన్ బెంచీ మీద కూర్చుంది.

"ఎంతసేపు పడతాదమ్మా?" అని అడిగింది.

"రెండు గంటలమ్మా. అంతే."

"ఒగ పెట్టె తీసి ఇంగో పెట్టె పెట్టేదానికి రెండు గంటలా?"

"పెట్టేది పది నిమిషాలే. అది మన మాట ఇనేదానికే మిగతా టైమంతా."

చెంగమ్మ ఇరవై ఏళ్లు మార్కెట్ యార్డులో టమోటాలు ఏరింది. ఆమె ఇంట్లో ఏసీ గదిలో కూర్చుని పనిచేసే మొదటి మనిషి అంబిక. ఆ ఏసీ మనుషుల కోసం కాదనీ, గదిలో ఉండే పెట్టెల కోసమనీ తెలిసిన రోజు చెంగమ్మ కొంచెం నొచ్చుకుంది. అంతకు మించి ఆ ఉద్యోగం గురించి ఆమెకు ఏమీ తెలియదు.

కాంతిరేఖకు మూడు ఊళ్లలో శాఖలున్నాయి. పెద్ద ఆసుపత్రి మదనపల్లెలో. కళ్లద్దాలు తయారుచేసే పని అంతా పుంగనూరులో. పల్లెల్లో కంటి శిబిరాలు పెట్టి, ఆపరేషన్ అవసరమైనవాళ్లను ఏరి పంపేది కుప్పంలో. మూడు చోట్లా తీసిన కంటి ఫోటోలు, కొలతలు మదనపల్లెలో స్టోరేజీ అనే ఒక పెద్ద బీరువాలాంటి యంత్రంలోకి చేరతాయి. ఆ స్టోరేజీకీ, మిగతా కంప్యూటర్లకూ మధ్య స్విచ్ అనే పెట్టె ఒకటి ఉంటుంది. గోడమీది లైటు స్విచ్ కాదు, పంతం గల తాసిల్దారులాంటిది. దాని చేతిమీదుగా పోకుండా ఒక్క కాగితం ఇటు నుంచి అటు పోదు. ఆరేళ్లుగా పనిచేస్తున్న ఆ స్విచ్‌ను ఇవాళ మార్చాలి.

ఆసుపత్రి యజమానురాలు డాక్టర్ విజయమ్మ ఇందుకు ఒక షరతు మీద ఒప్పుకుంది. "సాయంత్రానికి అంతా తయారుగా ఉండాలమ్మా. సోమవారం పొద్దున రామకుప్పం పక్క పల్లెల వాళ్లు ముప్పై రెండు మందికి శుక్లాల ఆపరేషన్లు. ఏ కంట్లో ఏ పవరు లెన్సు పెట్టాలో నీ స్టోరేజీలోనే ఉంది. కొలతలు లేకుండా నేను కత్తి పట్టుకోను. పాపం వాళ్లు చేను కాపలాకు మనుషుల్ని మాట్లాడుకుని వస్తారు. ఒక రోజు తప్పితే వాళ్ల రాగులు ఏనుగులపాలు." ఆ మాట చెప్పి ఆదివారం తెల్లవారుజామునే ఆమె కుప్పం శాఖకు వెళ్లిపోయింది.

తొమ్మిదింపావుకు అంబిక పాత స్విచ్ ఆపింది. కొత్తది బిగించింది. పాతదాని నోళ్లలోంచి ఎనిమిది మాడ్యూళ్లను లాగి కొత్తదానికి తగిలించింది. ఒక్కో మాడ్యూలు బొటనవేలంత లోహపు ముక్క. ఫైబర్ తీగను దాంట్లో గుచ్చితే సమాచారం వెలుగు రూపంలో పోతుంది, వస్తుంది. అందుకే దాన్ని ఆప్టికల్ మాడ్యూల్ అంటారు. ఎనిమిదీ చక్కగా దూరాయి. ఎనిమిది పచ్చ లైట్లు వెలగాల్సిన చోట ఎనిమిది నారింజ లైట్లు వెలిగాయి.

అంబిక బెంగళూరులో స్విచ్ అమ్మిన కంపెనీ ఇంజినీరుకు ఫోన్ చేసింది. అతను ఏదో పెళ్లిలో ఉన్నాడు. సన్నాయి మధ్యలోంచి అరిచి చెప్పాడు.

"పాతవి పెట్టినావా అక్కా? కొత్త స్విచ్ వాటిని తీసుకోదు. వాటి స్పీడు సాలదు. పదహారు జీ స్పీడుండేవి కావాల, అదీ ఆ కంపెనీ ముద్ర ఉండేవే."

"చక్కగా దూరినాయి కదప్పా!"

"దూరేది వేరే అక్కా, ఒప్పుకునేది వేరే."

"మరి కొత్తవి ఏవి? పెట్టెలో స్క్రూలు, కరెంటు తీగా తప్ప ఏమీ లేవు."

"ఆర్డరులో ఉండినాయో లేదో ఆఫీసు తెరిస్తేగానీ తెలీదు. సోమవారం సూసి, మంగళవారానికి పంపిస్తా."

మంగళవారం అనే మాట విన్నాక అంబిక పాత స్విచ్‌నే మళ్లీ పెట్టేద్దామనుకుంది. తీగలు తగిలించి బటను నొక్కింది. దాని ఫ్యాను ఒకసారి గుర్రుమని తిరిగి ఆగిపోయింది. ఆరేళ్లు ఒక్కపూట కూడా ఆగకుండా పనిచేసిన యంత్రం, అరగంట విశ్రాంతి దొరికేసరికి ఇక లేవనంది. అంబిక దాన్ని బతిమాలింది. రెండు సార్లు తట్టింది. తల్లి బెంచీ వైపు చూసి, "ఇంకో రవ్వ సేపమ్మా" అని చెప్పి స్టోరు గదికి పరుగెత్తింది.

స్టోరు అధికారి భీమరావు ఆసుపత్రి వెనక క్వార్టర్స్‌లోనే ఉంటాడు. ఆదివారాలు కూడా వచ్చి స్టోరులో కూర్చునే పేపరు చదువుతాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క గుండుసూది కూడా కాగితం లేకుండా ఆయన గడప దాటలేదు.

"సార్, రేపటి కుప్పం ఆపరేషన్లకు అర్జెంటుగా ఆప్టికల్ మాడ్యూళ్లు కావాలి."

"ఇండెంట్ రాయండమ్మా."

"ఆదివారం కదా సార్..."

"ఇండెంట్‌కి వారాలు లేవమ్మా."

అంబిక రాసింది: ఆప్టికల్ మాడ్యూల్, షార్ట్ వేవ్, 850, మల్టీ మోడ్, ఎనిమిది. షార్ట్ వేవ్ 850 అంటే పక్కపక్క యంత్రాల మధ్య నడిచే వెలుగు రకం. భీమరావు దాన్ని దగ్గరగా పట్టుకుని చదివి, చిరునవ్వు నవ్వాడు.

"ఆప్టికలా? దీనికా ఇంత కంగారు? మనకు మనిషి ఉన్నాడు. సాయంత్రానికి మీ చేతిలో ఉంటాయి."

బెంగళూరులో దొరకని వస్తువు సాయంత్రానికి ఎలా వస్తుందని అడగాలని అంబికకు తోచలేదు. మునిగేవాడు చెయ్యి అందించినవాణ్ని ఊరూ పేరూ అడగడు. ఆమె దణ్ణం పెట్టి సర్వర్ గదికి వెళ్లిపోయింది.

భీమరావుకు తెలిసిన ఆప్టికల్ ఒక్కటే: పుంగనూరు శాఖలోని కళ్లద్దాల విభాగం. దాని ఇన్‌చార్జి రెడ్డెప్ప. భీమరావు ఫోనులో ఒక్కో అక్షరం వెదికి నొక్కే మనిషి కాబట్టి, తనకు అనవసరం అనిపించిన మాటలన్నీ వదిలేసి ఇలా మెసేజ్ పెట్టాడు: "ఆప్టికల్. షార్ట్. 850. మల్టీ. 8 నం. కుప్పం కేసుల కోసం. సాయంత్రానికి కావాలి. వివరాలకు అంబిక." కింద ఆమె నంబరు.

కళ్లద్దాలవాళ్లు పవరు రాసేటప్పుడు మధ్యలో చుక్క పెట్టరు. 850 అంటే ఎనిమిదిన్నర. షార్ట్ అంటే దూరపుచూపు ఆననివాళ్లు. మల్టీ అంటే ఒకే అద్దంలో పైనా కిందా వేరే వేరే పవర్లు. రెడ్డెప్ప ఆ మెసేజ్ చూసి కుర్చీలోంచి లేచాడు. ఇరవై రెండేళ్లలో ఎనిమిదిన్నర పవరు మనుషుల్ని ఆయన మొత్తం ముగ్గుర్ని చూశాడు. ఒకే రోజు, ఒకే ఊరి నుంచి ఎనిమిది మంది! వెంటనే అంబికకు ఫోన్ చేశాడు. అంబిక ఆసుపత్రిలో చేరి అయిదు నెలలే అయింది, పుంగనూరు శాఖను ఆమె ఎన్నడూ చూడలేదు.

"అంబికమ్మేనా? ఆప్టికల్ నుంచి మాట్లాడతాండాను. భీమరావు సార్ మెసేజ్ పెట్టినారు."

అమ్మేవాళ్ల కొట్టు కాబోలనుకుంది అంబిక. "చెప్పండి సార్, దొరకతాయా?"

"దొరక్కేమి, సరుకుండాది. ఒగటి రెండు అడగాల. ఎనిమిదీ ఎయిట్ ఫిఫ్టీనేనా?"

"అన్నీ ఎయిట్ ఫిఫ్టీనే సార్."

"ఒగటన్నా తక్కువ లేదా?"

"లేదు. అన్నీ ఒకటే."

"పాపం," అన్నాడు రెడ్డెప్ప. ఎందుకు పాపమో అంబికకు అర్థం కాలేదు గానీ, ఆ ఒక్క మాటకు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పొద్దుటి నుంచి ఆమె మీద జాలి పడిన మొదటి మనిషి ఆయనే.

"షార్టే గదమ్మా? లాంగ్ కాదే?"

"షార్టే. దూరంతో మాకు పనిలేదు సార్."

"రెండు పక్కలా అదేనా? ఒగపక్క ఏమన్నా తేడా ఉంటాదా?"

"అయ్యో, రెండు పక్కలా ఒకటే ఉండాలి. లేకుంటే ఏమీ కనపడదు."

"అదీ నిజమేలే. మల్టీ అని రాసినారు. పైనా కిందా వేరే వేరేనా?"

అంబిక స్విచ్ వైపు చూసింది. "పైన నాలుగు, కింద నాలుగు సార్."

"అంత తేడా పెడితే తల తిరగతాదమ్మా!"

"నాకు పొద్దున్నుంచీ తిరగతానే ఉండాది సార్. మీరు తొందరగా పంపండి."

"సరే సరే, మామూలువే ఏస్తాలే. మధ్యలో దూరం ఎంత పెట్టేది?"

"ఎక్కువ లేదు. మీటరున్నర."

రెడ్డెప్ప అడిగింది రెండు కళ్ల మధ్య దూరం. ఫోనును చెవి నుంచి తీసి ఒకసారి చూసుకున్నాడు. "మీటరున్నరా? ఏనుక్కి గూడా అంత ఉండదు గదమ్మా!" అన్నాడు. సర్వర్ గది ఫ్యాన్ల హోరులో అంబికకు అది వినపడలేదు. సిగ్నలు సరిగా లేదని సరిపెట్టుకుని, ఆయన అందరికీ పెట్టే కొలతే పెట్టాలని నిర్ణయించుకున్నాడు.

"కడాకు ఒగటి. ఫ్రేము ఏం రంగు?"

అంబిక స్విచ్ బిగించిన ఇనుప ఫ్రేమును చూసి, "నలుపే సార్" అంది.

రెడ్డెప్ప మనసున్న మనిషి. పదహారు అద్దాలను, మూడేళ్లుగా ఎవరూ అడక్క బీరువాలో పడి ఉన్నవాటిని, బయటికి తీసి అరగదీయడం మొదలుపెట్టాడు. ఒక చేత్తో పని చేస్తూనే రెండో చేత్తో కుప్పం శాఖకు ఫోన్ చేశాడు. అక్కడ శిబిరాలు నడిపేది సుప్రియ అనే నర్సు.

"ఏమమ్మా సుప్రియా, మీ క్యాంపులో ఎనిమిది మందికి ఎనిమిదిన్నర ఉండాదంట గదా! నువ్వు సూల్లేదా?"

సుప్రియ తన జాబితాలు తిరగేసింది. కిందటి ఆదివారం శిబిరంలో చూసినవాళ్లు యాభై నలుగురు. వాళ్లలో ఎవరికీ మూడుకు మించి లేదు. ఎనిమిది మందిని తాను ఎలా వదిలేసిందో తెలియక, ఆమె నేరుగా పక్కగదిలో ఉన్న డాక్టర్ విజయమ్మ దగ్గరికి వెళ్లి కళ్లనీళ్లు పెట్టుకుంది. విజయమ్మ ఆమెను కూర్చోబెట్టి, అంబికకు తానే ఫోన్ చేసింది.

"అంబికా, ఏమిటమ్మా ఆ ఎనిమిది సంగతి?"

సంగతి అప్పుడే మేడమ్ దాకా పోయిందా అని అంబిక కంగారుపడింది. ఇక దాచి లాభం లేదనుకుంది. "ఎనిమిదీ పోయినాయి మేడమ్. ఒక్కదాంట్లో కూడా వెలుగు లేదు."

విజయమ్మ ఫోనును రెండో చెవికి మార్చుకుంది. "వెలుగు అసలు లేదా?"

"లేదు మేడమ్. నేనే టార్చి వేసి చూసినాను. లోపలికి పోవడం లేదు, బయటికి రావడం లేదు."

"ఎప్పటి నుంచి?"

"తొమ్మిదింపావు నుంచి."

"ఎనిమిదీ ఒకేసారా?"

"ఒకేసారి మేడమ్."

"వాళ్ల పేర్లు చెప్పు."

"పేర్లుండవు మేడమ్, నంబర్లే. సున్నా నుంచి ఏడు దాకా."

మనుషులకు సున్నా నుంచి నంబర్లు వేసే పద్ధతి ఎవరు పెట్టారన్నట్టు విజయమ్మ సుప్రియ వైపు ఒక చూపు చూసి, మళ్లీ ఫోనులోకి వచ్చింది. "ఇప్పుడెలా ఉన్నాయి?"

"నారింజ రంగుకు తిరిగినాయి మేడమ్. దుమ్ము పడకుండా అన్నిటికీ రబ్బరు మూతలు పెట్టినాను."

"రబ్బరు మూతలా! నీకేమైనా మతి పోయిందా? ముందు తీసెయ్!"

"వద్దు మేడమ్. దుమ్ము పడితే స్పిరిట్ పెట్టి రుద్దాల్సి వస్తుంది."

విజయమ్మ మాట్లాడలేక ఫోన్ పెట్టేసింది. ఇంత పెద్ద డాక్టరయ్యుండి స్విచ్ గురించి ఇన్ని వివరాలు అడిగినందుకు అంబికకు ఆమె మీద గౌరవం పెరిగింది. పొద్దుటి నుంచి టార్చి వేసి వేసి అలిసిపోయిన ఆమె ఫోను ఆ గౌరవంతోనే ఆరిపోయింది. చార్జరు ఇంట్లో ఉంది. అందువల్ల తరవాత వచ్చిన పదకొండు కాల్స్ ఆమెకు తెలియలేదు.

ఎనిమిది మంది కళ్లు ఒకేసారి ఆరిపోవడానికి విజయమ్మకు ఒకే కారణం తోచింది. శిబిరంలో వేసిన చుక్కల మందులో ఏదో చెడు ఉండాలి. అదే నిజమైతే మిగతావాళ్ల గతేమిటి? "చుక్కలు వేయించుకున్న యాభై నలుగుర్నీ ఇప్పుడే మదనపల్లెకు తీసుకుపోవాలి. వ్యాను సరిపోకపోతే టెంపో మాట్లాడు," అంది సుప్రియతో. మదనపల్లెలో డ్యూటీ నర్సుకు ఫోన్ చేసి, ఎనిమిది పడకలు సిద్ధం చెయ్యమంది.

డ్యూటీ నర్సు ట్రేలో కట్లు, మందులు పెట్టుకుని సర్వర్ గది తలుపు తట్టింది. "మేడమ్ పంపించింది. లోపలికి రానా?"

"వద్దు సిస్టర్, దుమ్ము పడతాది!" అని లోపలి నుంచే అరిచింది అంబిక.

నర్సు వెనక్కి వచ్చి పడకలకు దుప్పట్లు పరుస్తుంటే చెంగమ్మ అడిగింది. "ఏమైందమ్మా?"

"ఎనిమిది మందికి సూపు పోయిందంటమ్మా. మీ అమ్మాయే సూసుకుంటాంది. ఎవర్నీ లోపలికి రానీడంలేదు."

చెంగమ్మ బిందెను గట్టిగా పట్టుకుంది. కూతురు ఇంత పెద్ద పని చేస్తుందని ఆమెకు ఇంతవరకూ తెలియదు. గృహప్రవేశం సంగతి మళ్లీ ఎత్తలేదు.

రామకుప్పం పక్క పల్లెల్లో మాట నిప్పులా పాకింది. చుక్కలు వేయించుకున్న ప్రతివాళ్లకూ ఉన్నట్టుండి మసక మొదలైంది. వేయించుకోనివాళ్లలో కూడా కొందరికి మొదలైంది. వెంకటరత్నమ్మ అనే ముసలావిడ అందరికన్నా ముందే టెంపో ఎక్కి కూర్చుని, "నాకు పొద్దున్నుంచీ ఏమీ కనపళ్లేదు నాయినా" అని వాపోయింది.

"నీకు మూడేండ్లుగా కనపళ్లేదు కదవ్వా. ఆపరేషన్ అందుకే కదా," అన్నాడు డ్రైవరు.

"అది వేరే మసకప్పా. ఇది కొత్తది."

యాభై నలుగురి కోసం పోయిన బండ్లు డెబ్బై ముగ్గురితో బయల్దేరాయి. దారిలో పుంగనూరులో ఆగి, ఎనిమిది డబ్బాలు సంచిలో వేసుకుని ఎదురుచూస్తున్న రెడ్డెప్పను ఎక్కించుకున్నాయి. ముందు కారులో విజయమ్మ బయల్దేరింది. ముప్పై ఏళ్లుగా కట్టుకున్న పేరు గురించి కాదు, ఆ ఎనిమిది మందికి ఏం చెప్పాలన్నదే ఆమె ఆలోచన.

మూడున్నరకు సర్వర్ గది తలుపు ధడేలున తెరుచుకుంది. విజయమ్మ, ఆమె వెనక సుప్రియ, రెడ్డెప్ప, ట్రేతో నర్సు, ఏమిటీ గోల అని చూడ్డానికి వచ్చిన భీమరావు, బిందెతో చెంగమ్మ. కింద అట్టపెట్టె మీద మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చున్న అంబిక ఉలిక్కిపడి లేచింది.

"ఎక్కడ?" అంది విజయమ్మ.

"ఏవి మేడమ్?"

"ఆ ఎనిమిదీ!"

అంబిక స్విచ్ చూపించింది. "ఇవే మేడమ్. సున్నా నుంచి ఏడు."

విజయమ్మ వంగి చూసింది. ఒకదాని రబ్బరు మూత పీకి, వేళ్ల మధ్య తిప్పి చూసింది. గోరంత నల్ల మూత. తరవాత అంబిక ఖాళీ చేసిన అట్టపెట్టె మీద కూలబడింది.

"అయితే ఎవరికీ చూపు పోలేదా?"

"మన ఆసుపత్రికే పోయింది మేడమ్," అంది అంబిక.

విజయమ్మకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఎవరికీ తెలియలేదు, పైటకొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏం జరిగిందో అర్థం కావడానికి అందరికీ పది నిమిషాలు పట్టింది. సుప్రియ రెడ్డెప్పను తప్పుపట్టింది. రెడ్డెప్ప భీమరావును చూశాడు. భీమరావు ఇండెంట్ కాగితం చూపించాడు. ఇంతలో రెడ్డెప్ప ఒక డబ్బా తెరిచి, సీసా అడుగంత మందంగా ఉన్న నల్ల ఫ్రేము కళ్లద్దాలను అంబిక చేతికిచ్చాడు.

అంబిక పొద్దుటి నుంచి బిగబట్టిన కోపమంతా అప్పుడు బయటికొచ్చింది. "ఇవి కళ్లద్దాలు! నేను అడిగిందేమి, మీరు తెచ్చిందేమి? ఆసుపత్రిలో చదువుకున్నవాళ్లే లేరా? ఒక్కరైనా రాసింది రాసినట్టు చదవరా? రేపు ముప్పై రెండు మంది ఆపరేషన్లు మీవల్ల ఆగిపోతాయి!"

రెడ్డెప్ప మొహం చిన్నబోయింది. "షార్టన్నారు. ఎయిట్ ఫిఫ్టీ అన్నారు. రెండు పక్కలా ఒకటే అన్నారు. నలుపన్నారు. మీరు సెప్పిందే కదమ్మా చేసినా. దాంతోబాటు వచ్చిన సామాను గూడా జతగా పెట్టినా."

"ఏం సామాను?"

ఆయన డబ్బా అడుగున ఉన్న మెత్తని గుడ్డను ఎత్తాడు. దాని కింద, ఇంకా సీలు విప్పని చిన్న ప్లాస్టిక్ కవరులో, బొటనవేలంత లోహపు ముక్క ఒకటి మెరుస్తోంది. అంబిక దాన్ని వెలుగులోకి పెట్టి చదివింది. పదహారు జీ. 850. కొత్త స్విచ్ కంపెనీ ముద్ర.

ఆమె రెండో డబ్బా తెరిచింది. మూడోది తెరిచింది. ఎనిమిదింటిలోనూ ఒక్కోటి ఉంది.

"ఇవి మీకు యాడివి?" అంది.

"శుక్రవారం మదనపల్లె స్టోరు నుంచి ఒగ పెట్టె వచ్చిందమ్మా. మీద ఆప్టికల్ అని ఉండింది. తెరిస్తే ఇవి ఎనిమిది. ఏమిటివో తెలీక పక్కన పెట్టినా. ఈ పొద్దు మెసేజీలో గూడా ఆప్టికల్, 850, ఎనిమిది అని ఉండె. ఓహో, ఈ కళ్లద్దాలకు సంబంధించినవే అనుకుని డబ్బాకొగటి ఏసినా. లెక్క సరిపోయింది."

అంబిక భీమరావు వైపు తిరిగింది. "స్విచ్‌తో వచ్చిన పెట్టెను పుంగనూరుకు పంపించినారా సార్? ఎవరు పంపమన్నారు?"

భీమరావు తొందరపడలేదు. స్టోరుకు వెళ్లి రిజిస్టరు తెచ్చాడు. వేలు తడిచేసుకుని పేజీ తిప్పి, అందరికీ వినపడేలా చదివాడు.

"గురువారం, ఉదయం పదకొండున్నర. చిన్న పెట్టె ఒకటి. పైన ఆప్టికల్ అని ఉంది. ఏ విభాగానికి పంపాలని కంప్యూటర్ల విభాగాన్ని ఫోనులో అడగడమైనది. ‘ఆప్టికల్ అని రాసి ఉంటే ఆప్టికల్‌కే పంపండి సార్, ప్రతి చిన్నదానికీ నన్ను అడగొద్దు’ అని జవాబు. ఆ ప్రకారం పంపడమైనది." రిజిస్టరును ఆమె వైపు తిప్పాడు. "కింద మీ సంతకమమ్మా. సాయంత్రం పెట్టినారు. చదవలేదనుకుంటా."

సంతకం అంబికదే. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. గురువారం తాను ఆ ఫోను ఎత్తినప్పుడు నోట్లో ఉండిన ఉప్మా రుచి కూడా ఆమెకు ఇప్పుడు జ్ఞాపకమొచ్చింది.

"రెడ్డెప్పన్నా," అంది, "తప్పు నాది. మిమ్మల్ని అనరాని మాటలన్నాను."

"ఏముండాదిలేమ్మా. ఫోనులో నువ్వు ఏడవబోతివి, నేనే పాపం అనుకుంటి," అన్నాడు రెడ్డెప్ప. తరవాత కొంచెం మొహమాటంగా, "ఆ మీటరున్నర మాత్రం ఎవరిదమ్మా?" అని అడిగాడు.

"తీగదన్నా."

"అట్లనా. నేను దారంతా ఆలోచిస్తానే ఉండా."

అంబిక పాతవి ఎనిమిదీ తీసి, కొత్తవి ఒక్కొక్కటిగా గుచ్చింది. ఒక పచ్చ లైటు వెలిగింది. రెండోది వెలిగింది. ఎనిమిదోది వెలిగేసరికి సుప్రియ, నర్సు చప్పట్లు కొట్టారు. స్టోరేజీ తెరుచుకుంది. ముప్పై రెండు మంది కొలతలూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. విజయమ్మ వాటిని తానే ఒక్కొక్కటిగా చూసి, లేచి నిలబడి చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"అంబికా, నీతో నేను రేపు మాట్లాడతాను," అంది. "బయట డెబ్బై ముగ్గురున్నారు. భయపెట్టి తెచ్చినవాళ్లను ఊరికే పంపకూడదు. సుప్రియా, అందరికీ పరీక్షలు మొదలుపెట్టు."

చీకటి పడేలోపు పరీక్షలు అయిపోయాయి. మసకలన్నీ మాయమయ్యాయి. కానీ ఎవరూ పిలవకుండా టెంపో ఎక్కి వచ్చినవాళ్లలో ఇద్దరికి కంటిలో ఒత్తిడి బాగా పెరిగి ఉందని తేలింది. ఇంకో ఏడాది ఆగితే చూపు పోయేదే. ఆ సంగతి విన్నాక విజయమ్మ, రేపు అంబికతో మాట్లాడాల్సిన మాటల్లో సగం తగ్గించుకుంది. భీమరావు మాత్రం తగ్గలేదు. ఎనిమిది జతల కళ్లద్దాలు వాపసు చెయ్యడానికి విడిగా ఒక ఇండెంటూ, ఎందుకు తెప్పించారో ఒక వివరణా రాసివ్వమన్నాడు. అంబిక ఈసారి ప్రతి అక్షరం రెండుసార్లు చదివి సంతకం చేసింది.

రోగులందరికీ రాత్రికి ఆసుపత్రిలోనే పడకలు వేశారు. చెంగమ్మ ఇత్తడి బిందెలో నీళ్లు పట్టుకొచ్చి, వరసగా కూర్చున్నవాళ్లకు గ్లాసుల్లో పోసిస్తోంది. వెంకటరత్నమ్మ నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, పట్టుచీర చెంగు పట్టి చూసి అడిగింది.

"లోపల గదిలో ఉండే బిడ్డ నీ కూతురంట గదా. డాక్టరా?"

"కాదక్కా."

"మరి ఏం పని సేస్తాది?"

చెంగమ్మ బిందె కింద పెట్టింది. పొద్దున ఏడున్నర నుంచి తాను కళ్లారా చూసింది తప్ప చెప్పడానికి ఆమె దగ్గర వేరే ఏమీ లేదు.

"ఎనిమిది లైట్లు ఏస్తాదక్కా," అంది. "ఒగ దినం పడతాది."